ఒంటి చక్రం మీద సవారీ

పిల్లలూ! ఉగాది ముందు రోజుల్లో శ్రీశైలం వెళ్లినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే మీకొక వింత కనబడే ఉంటుంది. ఆ రోజుల్లో కర్ణాటక నుంచి వేలాదిమంది భక్తులు నల్లమల అడవిగుండా నడిచి కొండకు వస్తారు. వాళ్లలో కొందరు కాళ్లకు పొడుగాటి కొయ్యలు కట్టుకుని, నేలకు ఎత్తున నడుస్తూ వస్తారు. వీటిని కన్నడంలో 'మరగాలు' అంటారు. 'మర' అంటే మాను. 'కాలు' అంటే మన కాలే. మన భాషలో కొయ్యకాళ్లు అన్నమాట.

ఈసారి వాళ్లను చూసినప్పుడు ఒక సంగతి గమనించండి. కొయ్యకాళ్లవాడు నడుస్తున్నంతసేపూ బాగానే ఉంటాడు. ఆగవలసివస్తే మాత్రం ఊరికే నిలబడలేడు. ఉన్నచోటనే ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తూ ఉంటాడు. లేదా గోడమీదనో, పక్కవాడి భుజంమీదనో చెయ్యి ఆనిస్తాడు. నడవడం కష్టమనీ, నిలబడడం సులువనీ కదా మనం అనుకునేది! అతని విషయంలో అది తలకిందులయింది.

ఎందుకని? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఒంటిచక్రం సైకిలు కిటుకు తెలిసినట్టే. సర్కసులో దాన్ని మీరు చూసే ఉంటారు. పెద్ద చక్రం, దానిమీద ఒక సీటు, సీటుమీద ఒక మనిషి! అతడు పడిపోతాడేమోనని మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. అతడు పడడు. దాన్ని నేర్చుకోవడం ఎలాగో, చక్రం పెద్దదయినప్పుడు ఏమవుతుందో ఈ నెల చెప్పుకుందాం.

నిలబడడమంటే ఏమిటి?

మన శరీరం బరువంతా ఒకేచోట పోగైనట్టు భావించి, ఆ చోటును గరిమనాభి అంటారు. నిలబడిన మనిషికి అది ఇంచుమించు బొడ్డుమట్టాన ఉంటుంది. తాపీమేస్త్రీ గోడ నిటారుగా ఉన్నదో లేదో చూడడానికి దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు చూడండి, అలాగే మన గరిమనాభి నుంచి కిందికి ఒక దారం వేలాడుతున్నదని అనుకోండి. ఆ దారం మన రెండు పాదాలూ ఆక్రమించిన చోటులో పడినంతకాలం మనం నిలబడతాం. దాటి బయటపడితే మనమూ పడతాం.

మన పాదాలు వెడల్పు. అందుకే నిలబడడం మనకు తేలిక. కొయ్యకాళ్ల కొనలు సన్నం. వాటి మధ్య దారాన్ని నిలిపి ఉంచడం అసాధ్యం. అందుకని అతడు దారం ఎటు జరిగితే అటు అడుగు వేసి, పాదాన్నే దారం కిందికి తెచ్చుకుంటాడు. అతడు నిలబడడం లేదు, ప్రతి క్షణమూ పడబోతూ అడుగుతో తప్పించుకుంటున్నాడు.

ఇక ఒంటిచక్రం సంగతి చూడండి. టైరు నేలను తాకే చోటు రెండు మూడు వేళ్ల వెడల్పుకు మించదు. అంత చిన్న చోటుమీద కదలకుండా కూర్చోవడం కొత్తవాడికి కలలోమాట. కాని కొయ్యకాళ్లవాడు పాదాన్ని కిందికి తెచ్చుకున్నట్టే, మనం చక్రాన్ని కిందికి తెచ్చుకోవచ్చును కదా! ఈ విద్యంతా అంతే.

మన పురాణాల్లో సూర్యుడి రథానికి ఒకటే చక్రమని చెబుతారు. అయితే దానికి ఏడు గుర్రాలున్నాయి, అనూరుడనే సారథి ఉన్నాడు. మన బండికి గుర్రాలూ లేవు, సారథీ లేడు. పట్టుకోవడానికి హ్యాండిలు కూడా లేదు. ఒక చక్రం, రెండు పెడళ్లు, ఒక సీటు, సీటునూ చక్రాన్నీ కలిపే ఇనుప పంగ. అంతే సరంజామా.

నాలుగు వైపుల పడడం

మామూలు సైకిలు కుడికో ఎడమకో మాత్రమే పడుతుంది. దానికి ముందొక చక్రమూ వెనకొక చక్రమూ ఉన్నాయి కనక ముందుకూ వెనక్కూ పడదు. ఒంటిచక్రం నాలుగు వైపులా పడగలదు. అంచేత నాలుగింటికీ మందు తెలిసి ఉండాలి.

అరచేతిమీద కర్ర నిలబెట్టే ఆట మీరందరూ ఆడే ఉంటారు. కర్ర తూర్పుకు వాలితే మీ చెయ్యి ఎటు పోతుంది? తూర్పుకే పోతుంది. వాలినవైపే చెయ్యిని జరిపి కర్ర కిందికి తెస్తారు. బండిమీద మీ శరీరమే కర్ర, చక్రమే చెయ్యి. ముందుకు వాలుతున్నారా? పెడలు గట్టిగా తొక్కండి. చక్రం ముందుకు పరుగెత్తి మీ కిందికి వస్తుంది. వెనక్కు వాలుతున్నారా? తొక్కడం నెమ్మది చేయండి. చక్రం వెనకబడి మీ కిందికే వస్తుంది. కుడికి వాలితే నడుము తిప్పి చక్రాన్ని కుడికి మళ్లించాలి. ఎడమకు వాలితే ఎడమకు.

చెప్పడానికి ఇది చాలా తేలిక. కాని కొత్తవాడి కాళ్లు సరిగ్గా దీనికి విరుద్ధంగా చేస్తాయి. ముందుకు వాలగానే గుండె ఝల్లుమంటుంది. భయంతో కాళ్లు బిగుసుకుపోతాయి. కాళ్లు బిగిస్తే చక్రం ఆగుతుంది. చక్రం ఆగినా శరీరం ముందుకు పోతూనే ఉంటుంది. ఇంకేముంది, నేలమీద ఉంటాడు! ముందుకు పడబోయేవాడు ముందుకే పోవాలని కాళ్లకు నేర్పడమే ఇందులో అసలు పాఠం. బుద్ధికి అది ఒక్క నిమిషంలో తెలుస్తుంది. కాళ్లకు తెలియడానికి చాలా రోజులు పడుతుంది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. అడుగు పొడవున్న స్కేలు ఒకటి, నాలుగడుగుల కర్ర ఒకటి తీసుకోండి. రెండింటినీ ఒకదాని తరవాత ఒకటి అరచేతిలో నిలబెట్టి చూడండి. స్కేలు చటుక్కున పడిపోతుంది. కర్రను చాలాసేపు ఆపగలరు. ఎందుకంటే, పొడవు నాలుగింతలయితే పడే వ్యవధి రెండింతలవుతుంది. కర్ర పడేలోపల చెయ్యి జరపడానికి మనకు వ్యవధి దొరుకుతుంది. పొడుగైనది తొందరగా పడుతుందని మనం అనుకుంటాం. నిజానికి అది ఆలస్యంగా పడుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, పెద్ద చక్రం దగ్గర మళ్లీ పనికివస్తుంది.

పెద్ద చక్రం ఎందుకు?

మీ సైకిలును తలకిందులుగా నిలబెట్టి చూడండి. పెడళ్ల దగ్గర ఒక పెద్ద పళ్లచక్రం, వెనకచక్రం దగ్గర ఒక చిన్న పళ్లచక్రం ఉంటాయి. రెండింటినీ చైను కలుపుతుంది. ముందుదానికి 44 పళ్లు, వెనకదానికి 22 పళ్లు ఉన్నాయనుకోండి. పెడలు ఒక్క చుట్టు తిప్పితే వెనకచక్రం రెండు చుట్లు తిరుగుతుంది. మీ సైకిలుకు ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టి, అది ఎన్ని చుట్లు తిరుగుతుందో మీరే కట్టండి.

మామూలు ఒంటిచక్రానికి ఈ ఏర్పాటేదీ లేదు. పెడళ్లు నేరుగా చక్రం ఇరుసుకే బిగించి ఉంటాయి. పెడలు ఒక్క చుట్టు తిరిగితే చక్రమూ ఒక్కటే చుట్టు తిరుగుతుంది. పిల్లలు నేర్చుకునే చక్రం అడ్డుకొలత సాధారణంగా 20 అంగుళాలు. దాన్ని 3.14తో గుణిస్తే ఒక చుట్టులో పోయే దూరం వస్తుంది. సుమారు 1.6 మీటర్లు. దూరప్రయాణాలకు వాడే పెద్ద చక్రం అడ్డుకొలత 36 అంగుళాలు. అది ఒక చుట్టులో సుమారు 2.87 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్ల చొప్పున తొక్కితే చిన్నచక్రం గంటకు ఆరు కిలోమీటర్లు కూడా పోదు. అంటే చురుకుగా నడిచేవాడితో సమానం. పెద్దచక్రం గంటకు పది కిలోమీటర్ల పైన పోతుంది.

దోర్నాల నుంచి శ్రీశైలానికి ఘాటురోడ్డు సుమారు 50 కిలోమీటర్లు. ఆ దూరానికి చిన్నచక్రాన్ని 31 వేల పైచిలుకు సార్లు తిప్పాలి. పెద్దచక్రాన్ని 17,400 సార్లు తిప్పితే చాలు. కాళ్లు తిప్పవలసిన చుట్లు దాదాపు సగం తగ్గాయన్నమాట.

ఈ లెక్క నూట యాభై ఏళ్ల కిందటే ఇంగ్లండులోని పనివాళ్లకు తెలుసు. అప్పటికి చైనుతో నడిచే సైకిళ్లు వాడుకలోకి రాలేదు. పెడళ్లు ముందుచక్రానికే ఉండేవి. వేగం కావాలంటే ముందుచక్రాన్ని పెద్దది చేయడం తప్ప వేరే దారి లేదు. 1870 ప్రాంతాల్లో కోవెంట్రీ పట్టణంలో జేమ్స్ స్టార్లీ అనే ఆయన అటువంటి సైకిళ్లు తయారుచేశాడు. ముందు మనిషి ఛాతీ ఎత్తు చక్రం, వెనక చిట్టి చక్రం. పెద్ద పెన్నీ నాణెం పక్కన చిన్న ఫార్దింగు నాణెం పెట్టినట్టు ఉండడంచేత దానికి పెన్నీ ఫార్దింగ్ అని పేరు వచ్చింది.

థామస్ స్టీవెన్స్ అనే ఆయన 50 అంగుళాల చక్రమున్న అటువంటి సైకిలెక్కి 1884 ఏప్రిల్ నెలలో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరాడు. ప్రపంచం చుట్టి 1886 డిసెంబరులో జపానులోని యోకహామా చేరాడు. దారిలో మన దేశానికి కూడా వచ్చి, లాహోరు నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డుమీద తొక్కాడు. ఆ ఎత్తు సైకిలును చూసి మన పల్లెల్లోని పిల్లలు ఎంత ఆశ్చర్యపోయి ఉంటారో ఊహించుకోండి!

కాని ఆ సైకిలుకు పెద్ద ప్రమాదం ఒకటున్నది. ముందుచక్రానికి రాయి అడ్డుతగిలితే, మనిషి హ్యాండిలుమీదుగా తలకిందులుగా పడేవాడు. జేమ్స్ స్టార్లీ అన్నకొడుకో తమ్ముడికొడుకో అయిన జాన్ కెంప్ స్టార్లీ 1885లో రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండి, చైనుతో నడిచే సైకిలు తెచ్చాడు. ఈనాటి మన సైకిలు దాని సంతానమే. దాంతో పెద్దచక్రం మూలపడింది. ఒంటిచక్రం బండికి మాత్రం ఇప్పటికీ ఆ పాతలెక్కే వర్తిస్తుంది.

పెద్దచక్రం పెట్టే ఇబ్బందులు

వేగం ఊరికే రాదు. దానికి బదులు మూడు ఇబ్బందులు భరించాలి.

మొదటిది బలం. పెడలునూ ఇరుసునూ కలిపే ఇనుపచేతిని సైకిలు షాపువాళ్లు క్రాంకు అంటారు. పెద్దచక్రంలో ఇరుసు నుంచి నేలకు సుమారు 46 సెంటీమీటర్లు. క్రాంకు పొడవు 15 సెంటీమీటర్లనుకోండి. ఇది మీరు బడిలో చదివే తులాదండమే. చక్రం నేలను ఎంత బలంతో నెట్టాలో దానికి సుమారు మూడింతల బలంతో కాలు పెడలును తొక్కాలి. 12.5 సెంటీమీటర్ల క్రాంకు ఉన్న చిన్నచక్రానికయితే రెండింతలు చాలును. ఘాటురోడ్డు ఎక్కేటప్పుడు ఈ తేడా తొడలకు బాగా తెలుస్తుంది.

రెండవది ఆపడం. కుమ్మరి సారె ఒకసారి తిరగడం మొదలుపెడితే చెయ్యి తీసేసినా తిరుగుతూనే ఉంటుంది. పెద్దచక్రం కూడా అంతే. కదిలించడమూ కష్టమే, ఆపడమూ కష్టమే. చిన్నచక్రాన్ని అనుకున్నచోట టక్కున ఆపవచ్చును. పెద్దచక్రంమీద ఉన్నవాడు ఎక్కడ ఆగాలో చాలా ముందుగా ఆలోచించుకుని, మెల్లమెల్లగా వేగం తగ్గించుకురావాలి.

మూడవది దిగుడు. మామూలు సైకిలుమీద దిగుడులో కాళ్లు ఆపి హాయిగా కూర్చోవచ్చును. దానికి ఫ్రీవీలు ఉన్నది. ఒంటిచక్రానికి ఫ్రీవీలు ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, పెడళ్లతోపాటు కాళ్లూ తిరగాలి. దిగుడులో చక్రం పరుగెత్తబోతుంటే కాళ్లతోనే వెనక్కు అదిమిపట్టాలి. కొండ దిగడం కూడా అలసటే అని పెద్దచక్రంవాళ్లు అంటే నమ్మండి.

అయితే లాభాలూ ఉన్నాయి. పెద్దచక్రం చిన్నచిన్న గులకరాళ్లమీదుగా, గుంతలమీదుగా సాఫీగా పోతుంది. పెడళ్లు ఒకటి తిన్నగా పైకి, ఒకటి తిన్నగా కిందికి వచ్చినప్పుడు కాలు ఎంత అదిమినా చక్రం తిరగదు. కొత్తవాళ్లు ఎక్కువగా పడేది ఆ చోటనే. పెద్దచక్రం తన ఊపుతో ఆ చోటును తేలికగా దాటిస్తుంది. ఇందాకటి కర్ర ప్రయోగం గుర్తున్నదా? పెద్దచక్రంమీద మనిషి సుమారు 18 సెంటీమీటర్లు ఎత్తున కూర్చుంటాడు కనక రవ్వంత ఆలస్యంగా పడతాడు. ఆ లాభం కొంచెమే. అసలు లాభం చక్రం ఊపుది.

మొదటే పెద్దది ఎక్కవచ్చునా?

మన ఊళ్లలో పిల్లలు నాన్నగారి పెద్ద సైకిలుమీద అడ్డతొక్కుడుతో నేర్చుకోవడం అందరికీ తెలిసినదే. సీటుకు అందనివాడు చట్రం సందులోంచి కాలు దూర్చి తొక్కుతాడు. ఒంటిచక్రానికి అటువంటి సందు లేదు. సీటుమీద కూర్చుంటే కాలు అందాలి, అందకపోతే లేదు. 36 అంగుళాల చక్రంలో కింది పెడలు నుంచి చక్రం పైఅంచుకు 61 సెంటీమీటర్లు. దానిపైన పంగకూ సీటుకూ ఇంకొంత ఎత్తు కావాలి. గోడకు ఆని నిలబడి, మీ కాలి లోపలివైపు పొడవు కొలుచుకోండి. అది 75 సెంటీమీటర్లయినా లేకపోతే పెద్దచక్రం మీకోసం ఇంకా కొన్నేళ్లు ఆగుతుంది.

కాళ్లు అందేవాళ్లయినా చిన్నదానితో మొదలుపెట్టడమే మేలు. పడినప్పుడు నేల దగ్గరగా ఉంటుంది. ఎక్కడం తేలిక. తప్పు చేసిన వెంటనే తప్పేమిటో తెలుస్తుంది.

సాధన ఇలా చేయండి

తలకు హెల్మెటు, మోకాళ్లకూ మోచేతులకూ మణికట్లకూ తొడుగులు పెట్టుకోండి. బూట్లు వేసుకుని, లేసులు లోపలికి దోపండి. సీటు ఎత్తు ఇలా సరిచూసుకోండి: సీటుమీద కూర్చుని కింది పెడలుమీద మడమ పెడితే కాలు దాదాపు తిన్నగా ఉండాలి. సీటు మరీ పొట్టిదైతే తొడలు తొందరగా అలుస్తాయి.

చోటు చదునుగా, గట్టిగా ఉండాలి. పక్కన పొడుగాటి గోడో కమ్మీలో ఉంటే మంచిది. ఇసుకలో చక్రం కూరుకుపోతుంది. కడప బండలు పరచిన నేల పొడిగా ఉంటే బాగుంటుంది, తడిస్తే జారుతుంది. రాయలసీమలో తుమ్మముళ్లు లేని చోటు చూసుకోవడం మరిచిపోకండి! వేసవిలో పొద్దెక్కకముందే సాధన ముగించండి.

మొదటి మెట్టు: చక్రం వెనక ఒక ఇటుక పెట్టండి. అప్పుడది వెనక్కు దొర్లదు. సీటు కాళ్లమధ్య పెట్టుకుని, మీ వైపు కిందుగా ఉన్న పెడలుమీద ఒక పాదం ఉంచండి. గోడమీద చెయ్యి ఆనించి లేవండి. రెండో పాదం ముందు పెడలుమీద పెట్టండి. ఊరికే కూర్చోండి. బరువు కాళ్లమీద కాక సీటుమీద వేయండి. ఇది అలవాటయ్యేదాకా ఇంకేమీ చేయవద్దు.

రెండవ మెట్టు: పెడళ్లు రెండూ నేలకు సమంగా ఉన్న స్థితి నుంచి సగం చుట్టు తొక్కి, మళ్లీ సమంగా వచ్చినచోట ఆగండి. సగం చుట్టు, ఆగడం. సగం చుట్టు, ఆగడం. ఇలా గోడవెంట పోండి. పెడళ్లు నిలువుగా ఉన్నప్పుడు మాత్రం ఎన్నడూ ఆగకండి.

మూడవ మెట్టు: సగాలను కలిపి పూర్తి చుట్లు చేయండి. చూపు చక్రంమీద పెట్టవద్దు. ఎదురుగా దూరాన ఉన్న చెట్టునో స్తంభాన్నో చూడండి. కిందికి చూస్తే తల వంగుతుంది, తలతోపాటు శరీరమూ వంగుతుంది.

నాలుగవ మెట్టు: గోడకు వీపుపెట్టి, ఖాళీస్థలంవైపు తొక్కండి. ఒక చుట్టు తిరిగి దిగిపోయినా సరే. సుద్దముక్కతో గీత గీసి ఉంచండి. రేపు ఆ గీతను దాటితే చాలు.

దిగడం కూడా నేర్చుకోవాలి. బండి వెనక్కు జారిపోయేలాగా, మీరు ముందుకు రెండు కాళ్లమీద దిగాలి. దిగేటప్పుడు ఒక చేత్తో సీటును పట్టుకుంటే బండి దెబ్బతినదు. మొదటిరోజునే కావాలని పదిసార్లు ఇలా దిగి చూడండి. క్షేమంగా దిగగలనన్న ధైర్యం ఉన్నవాడి కాళ్లు బిగుసుకుపోవు.

ఎన్నాళ్లకు వస్తుంది? రోజుకు అరగంట చొప్పున సాధన చేస్తే చాలామందికి కొన్ని వారాల్లో నాలుగు గజాలు పోవడం వస్తుంది. ఇందులో ఒక తమాషా ఉన్నది. ఎన్నో రోజులు ఏమీ రానట్టే ఉంటుంది. రెండు చుట్లు, మూడు చుట్లు, పడడం. నావల్ల కాదని చాలామంది వదిలేసేది అప్పుడే. కాని ఆ పడడాల్లోనే కాళ్లు పాఠం నేర్చుకుంటున్నాయి. ఒకనాడు మూడు చుట్లు కాస్తా పది చుట్లవుతాయి. పది చుట్లు పోగలిగినవాడు వంద పోగలడు.

ఆ తరవాత పెద్దచక్రం

చిన్నచక్రంమీద అర కిలోమీటరు పోవడం, మలుపు తిరగడం, గోడ సాయం లేకుండా ఎక్కడం వచ్చాక పెద్దదానికి పోవచ్చును. పొడుగు క్రాంకులు బిగించుకోండి. బలం తక్కువ కావాలి, చక్రం మీ మాట వింటుంది. మొదట్లో స్తంభమో గోడో పట్టుకుని, లేదా ఎత్తు అరుగుమీద నిలబడి ఎక్కండి. తొలి రెండు చుట్లు బరువుగా ఉంటాయి. అప్పుడు ధైర్యంగా ముందుకు వాలి తొక్కాలి. వాలకుండా తొక్కితే చక్రం ముందుకు పోయి, మీరు వెనక పడతారు. ఊపు అందుకున్నాక వేగం పెంచాలని బుద్ధి పుడుతుంది. ఆగండి! పరుగెత్తి దిగగలిగినంత వేగమే పోవాలి. అంతకు మించితే కాళ్లమీద దిగలేరు.

ఎంత వచ్చినా శ్రీశైలం ఘాటురోడ్డు మాత్రం దీనికి తగిన చోటు కాదు. మలుపుల్లో ఎదురువచ్చే బస్సు కనబడదు. చుట్టూ ఉన్నది నాగార్జునసాగర్ శ్రీశైలం పెద్దపులుల అభయారణ్యం. అందుకే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరుదాకా ఆ అడవిదారిలో వాహనాలనే పోనివ్వరు. మన లెక్కలకు ఆ దారిని వాడుకుందాం, తొక్కడానికి బడి మైదానం వాడుకుందాం.

పెద్దలకొక మాట

మీ అబ్బాయో అమ్మాయో నేర్చుకుంటున్నప్పుడు నడుము పట్టుకుని మొయ్యకండి. అలా మోస్తే వాలడం వాళ్లకు తెలియదు, వాలడం తెలియకపోతే సర్దుకోవడం రాదు. పక్కన నడుస్తూ మీ ముంజేతిని ఊతగా ఇవ్వండి. వాళ్లు మిమ్మల్ని పట్టుకోవాలి, మీరు వాళ్లను పట్టుకోకూడదు. పట్టు రోజురోజుకూ తేలికవుతున్నదా లేదా చూడండి. ఒకనాడు వేలికొస మాత్రమే తాకుతుంది. ఆనాడు మెల్లగా చెయ్యి తీసేయవచ్చును. పడినప్పుడు "చాల్లే, నీకెందుకిది" అనకండి. దెబ్బ తగిలిందేమో చూసి, గీత ఎంతదాకా వచ్చిందో అడగండి.

ప్రపంచం చుట్టిన ఒంటిచక్రం

2015లో ఎడ్ ప్రాట్ అనే 19 ఏళ్ల ఇంగ్లీషు యువకుడు 36 అంగుళాల ఒంటిచక్రమెక్కి సోమర్సెట్ ప్రాంతంలోని తన ఇంటినుంచి బయలుదేరాడు. ఐరోపా, ఆసియా, ఆస్ట్రేలియా, అమెరికా దాటి 2018 జులైలో ఇల్లు చేరాడు. తొక్కిన దూరం 21,000 మైళ్లు, అంటే సుమారు 33,800 కిలోమీటర్లు. దారిపొడుగునా పేదపిల్లలకు బడిసంచులు ఇచ్చే ఒక ధర్మసంస్థకోసం చందాలు కూడా పోగుచేశాడు. అంత దూరానికి ఆ చక్రం కోటీ పదిహేడు లక్షల చుట్లు తిరిగి ఉండాలి. ప్రతి చుట్టులోనూ అతడు కొంచెం పడబోయాడు, ప్రతి చుట్టులోనూ చక్రాన్ని తన కిందికి తెచ్చుకున్నాడు. ఉగాదికి కొండకు నడిచివచ్చే కొయ్యకాళ్లవాళ్లు చేసేదీ ఇదే.

ఈ నెల మీకు రెండు పనులు. ఒకటి: 36 అంగుళాల చక్రం మీ ఇంటినుంచి బడికి పోవడానికి ఎన్ని చుట్లు తిరగాలో కట్టండి. కిలోమీటరుకు 348 చుట్లు. రెండు: నాలుగడుగుల కర్రను అరచేతిలో నిలబెట్టి, ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా ఆపగలరో చూడండి. ఒకసారి కర్ర కొననూ, ఒకసారి మీ అరచేతినీ చూస్తూ చేయండి. దేన్ని చూసినప్పుడు ఎక్కువసేపు నిలిచిందో తెలిశాక, సవారీ చేసేవాడు చక్రాన్ని ఎందుకు చూడడో మీ స్నేహితులకు మీరే చెప్పగలరు.